ఉతకని చొక్కా

ఏ వాసన అడిగితే ఆ వాసన సిగరెట్టులో కలిపి ఇస్తున్న రోజులవి. ఊపిరితిత్తులు పాడై భర్త పోయాక, ఉతక్కుండా దాచుకున్న ఆయన చొక్కా బీరువాలో కనపడక శైలజ ఇల్లంతా వెతుకుతోంది. వంటింట్లో అడుగుపెట్టగానే ఆయన వాసన గుప్పుమంది. పొయ్యి దగ్గర కూతురు లాస్య సిగరెట్టు పొగ వదులుతోంది.

"నాన్న వాసనే అమ్మా! చొక్కా ఇచ్చి చేయించాను."

"ఆయన్ని మింగినదాన్నే నోట్లో పెట్టుకున్నావటే?"

"పుదీనా కూడా కలిపారులే, గొంతు మండదు," అంటూనే లాస్య దగ్గింది.

"చొక్కా ఏదే?"

"వాసన పిండేశాక పనికిరాదట. పారేశారు."

పిల్ల మళ్లీ దగ్గింది. పొగ పోవాలని శైలజ కిటికీ తెరవబోయింది. తెరిస్తే ఆయనా వెళ్లిపోతారు. చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.