కాజేసిన వాటా

ఒకప్పుడు ఫుట్‌బాల్ లీగు గెలిచిన మా జట్టు ఏటా మే నెలలో కలిసి భోంచేస్తుంది. ఈసారి వచ్చింది ఇద్దరమే. గోల్‌కీపర్‌ని నేను, మిడ్‌ఫీల్డ్‌ను ఏలిన మా కెప్టెన్ ఒరెస్టె. మిగతా కుర్చీలను హోటలాయన మర్యాదకొద్దీ తీయలేదు.

ఒరెస్టె చేతులు ఇప్పుడు చెంచా ఎత్తలేవు. రిసోట్టో అన్నం నేనే తినిపిస్తున్నాను.

"మెల్లిగా పెట్టరా, పిరికోడా," అన్నాడు. మాట కూడా ముద్దగానే వస్తోంది.

ఆ బిరుదు అతనిచ్చిందే. ఆట ఉన్న ప్రతి ఆదివారం పొద్దున జట్టు డాక్టరు బలానికంటూ హోటల్లో గదిగదికీ ఇంజెక్షన్లు పంపేవాడు. మా ఇద్దరిదీ ఒకే గది. సూదంటే నాకు వణుకు. నా వంతు ఒరెస్టె చేతిలో పెట్టి, పారబొయ్యమని బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేవాణ్ణి.

ఆ మందు ఎక్కించుకున్నవాళ్లవే ఈ ఖాళీ కుర్చీలన్నీ.

"నాది పారబోసినట్టే నీదీ పారబోసుంటే బావుండేదిరా," అన్నాను.

ఒరెస్టె ముద్ద మింగాడు. "పారబోయడమేంట్రా, అంత మంచి మందు? నీదీ నేనే పొడుచుకునేవాణ్ణి. అలుపు లేనోడని పేపర్లు నన్ను పొగిడాయే, అది నీ వాటా."

ఇంకో ముద్ద అందుకుని మళ్లీ అన్నాడు.

"చర్చిలో ఫాదరు దగ్గర ఒప్పుకునేవాణ్ణి కూడా, ఒక పిరికోణ్ణి దోచుకుంటున్నానని."