విప్పని దారం

"ఆ పొడుగుది వద్దు చెల్లాయ్. కమ్మి మీద చెప్పిన మాట వినదు."

నెవెనా వెనక్కి తిరిగి చూసింది. కొట్టులో స్నోబోర్డులు పేర్చిన మూలన పసుపు కోటు కుర్రాడు నిలబడి ఉన్నాడు. తలుపు గంట మోగినట్టు ఆమెకు గుర్తు లేదు.

మర్నాడే బాన్‌స్కో కొండ మీద జట్టు ఎంపిక. మంచులో పాతిన ఇనుప కమ్మీల మీద పడకుండా జారినవాళ్లకే చోటు. ఆ చోటు కోసం ఆమె చిన్నప్పటి నుంచీ మోకాళ్లు పగలగొట్టుకుంటోంది.

"మరి ఏది తీసుకోమంటావు?"

"నీ గడ్డం దాకా వచ్చేది. మెత్తగా వంగేది. రెండు కొసలూ ఒకేలా ఉన్నది."

ఎర్రచారల బోర్డు చూపించాడు. నెవెనా దాన్ని నిలబెట్టి నొక్కి చూసింది. విల్లులా వంగింది. పని తెలిసినవాడే అనుకుంది.

వెనక గదిలో సాన గీపెడుతోంది. కొట్టు యజమాని వెలిచ్కో ఒకప్పుడు స్కీ పందేల్లో పేరు మోసినవాడు. మొండి అంచుతో ఒక్క బోర్డు బయటికి పోయినా ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. ఏది కొన్నా పదును పెట్టిగానీ ఇవ్వడు.

"పదును మాత్రం పెట్టించకు," అన్నాడు కుర్రాడు. "కమ్మిని కరుచుకుంటుంది. పాదాల దగ్గర అంచును ఆకురాయితో మొండి చేసుకో."

"ఆ మాటేదో ఆయనకే చెప్పు."

"వద్దు. ఆయనకు తెలియకూడదు. పదును నేనే చూసుకుంటానని పట్టుకుపో."

"తెలిస్తే ఏమౌతుందట?"

"తట్టుకోలేడు."

నెవెనాకు నవ్వొచ్చింది. అప్పుడే అతని మణికట్టు కంటపడింది. ఎరుపు తెలుపు దారం, రంగు వెలిసి ఎండుగడ్డిలా ఉంది. మార్చి మొదటి రోజున ఊరంతా కట్టుకునేదే. పూసిన చెట్టు కనబడగానే విప్పి కొమ్మకు కట్టేస్తారు. ఇప్పుడు జనవరి.

"ఏం అన్నా, ఏడాదంతా కళ్లు మూసుకు తిరిగావా? ఒక్క పూలచెట్టూ కనబడలేదా?"

"లేదు. చూడలేదు."

ఆ గొంతు విని ఆమె ఒళ్లు జలదరించింది. తలుపు మూసే ఉంది, చలిగాలి ఎక్కణ్ణుంచో వస్తోంది. భయం బయటపడనివ్వకుండా పెద్దగా నవ్వింది.

"దారం విప్పుకోవడం చేతకాదు గానీ, నాకు బోర్డు సంగతి చెప్పొచ్చాడు."

సాన ఆగింది. వెలిచ్కో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరితోనమ్మా మాటలు?"

మూలన ఎవరూ లేరు.

"ఎవరో తిక్కమనిషి బాబాయ్. వెళ్లిపోయినట్టున్నాడు."

"సరే, ఇలా ఇవ్వు. పదును లేని అంచు ప్రాణం మీదికి తెస్తుంది."

ఆమె తటపటాయించింది. వద్దంటే పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడని ఇచ్చేసింది.

మర్నాడు వంపు కమ్మి మీద, కింద నుంచి ఎవరో పట్టి లాగినట్టు, అంచు ఇనుమును కరుచుకుంది. భుజం ఎముక విరిగింది. జట్టులో చోటు ఇంకో పిల్లకు పోయింది.

కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని ఆమె మళ్లీ కొట్టుకు వచ్చింది.

"బాబాయ్, ఆ రోజు ఇక్కడున్న కుర్రాడెవరు? అతని మాట విననందుకు క్షమించమని అడగాలి."

"ఆ రోజు నువ్వు తప్ప ఎవరూ రాలేదే."

"పసుపు కోటు. చేతికి వెలిసిన మార్చి దారం. కమ్మి మీద జారేవాళ్లు పదును పెట్టించకూడదన్నాడు. అంచు ఇనుమును కరుచుకుంటుందట. అలాగే అయింది."

వెలిచ్కో ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నెవెనాకు, ఇది ఈయనకు చెప్పకూడని మాటని.

ఆయన వెనక గదిలోకి నడిచి, ఆగి ఉన్న సాన మీద చెయ్యి ఆనించాడు.

"కమ్మి మీంచి ఎందుకు పడిపోయాడో ఎవరూ చెప్పలేకపోయారు," అన్నాడు. "అప్పటికి చెట్లింకా పూయలేదు. దారం విప్పకుండానే పూడ్చిపెట్టాం."

"ఎవరిని బాబాయ్?"

"ఆ దారం మా అబ్బాయి చేతికి కట్టింది నేనే తల్లీ, మర్నాడు పొద్దున్నే లేచి, వాడు అడక్కపోయినా, వాడి బోర్డుకు పదును పెట్టి పంపిందీ నేనే."