సరిపోలేదట

"ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి. కిడ్నీ సరిపోలేదని మీ తమ్ముడికి మేమే చెప్తాం. సంగతి ఈ గది దాటదు," అంది డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందురోజు కిడ్నీ ఇచ్చేవాళ్లని ఇలా ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు.

అక్కకి నవ్వొచ్చింది. "చిన్నప్పుడు నా సైకిలు లాక్కున్నాడు, కిటికీ పక్క మంచం లాక్కున్నాడు. వాడు అడక్కుండా నేనిస్తున్నది ఇదొక్కటే. ఇవ్వనివ్వండి."

వార్డు చేరేసరికి ఆమెకి చిలిపి బుద్ధి పుట్టింది. వాడి ఏడుపుమొహం ఒక్కసారి చూడాలి.

"సరిపోలేదటరా," అంది మొహం వేలాడేసుకుని.

దర్జీ తమ్ముడు మంచం మీంచి ఒక్క ఉదుటున లేచాడు. "హమ్మయ్య! సంచీ సర్దక్కా, ఇంటికి పోదాం. డయాలసిస్‌దేముంది, అలవాటైపోయింది."

అక్క మంచం అంచున కూర్చుంది.

"ఇన్నాళ్లూ నువ్వు నిద్రపోనిది నీ ప్రాణం మీది భయంతో అనుకున్నాను కదరా, నా గురించా! అబద్ధమాడాను. అన్నీ సరిపోయాయి. రేపు పొద్దున్నే ఆపరేషన్."

తమ్ముడు చతికిలబడ్డాడు. తలగడ కిందనుంచి కొత్త నైటీ తీసి ఆమె ఒళ్లో పడేశాడు.

"అయితే ఇది నీకు కావాలి. ఎడమవైపు కుట్టే రాకుండా కుట్టాను, కోత మీద ఒరుసుకోదు. దీంతో పని పడకూడదనుకుంటూనే కుట్టానక్కా."

అక్క దాన్ని భుజాలకి ఆనించుకు చూసింది. అచ్చంగా సరిపోయింది.

"కొలతలెక్కడివిరా?"

"నీ పచ్చ నైటీ కుట్లు విప్పదీశాను."

"దొంగ వెధవా! ఇల్లంతా వెతికాను దానికోసం!" అంటూ అక్క కొత్త నైటీతోనే కళ్లు తుడుచుకుంది.