బటన్ మీద వేలు

“పడుకోనంటే పడుకోను! గుండెతో ఆటలేంటి?” పరీక్ష మంచం అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది ఆ తల్లి.

“మెల్లగా అమ్మా. బయట జనం వింటున్నారు,” అని గొణిగాడు కొడుకు.

“విననీ! రెండు నెలలుగా ఇంటి ముఖం చూడనివాడివి, ఇవాళొచ్చి నన్ను ఆస్పత్రికి లాక్కొస్తావా?”

టెక్నీషియన్‌కి నవ్వొచ్చింది. “మిమ్మల్ని ముట్టుకోను కూడా అమ్మా. మీ గుండె దగ్గర పెట్టిన పేస్‌మేకర్ ఎలా ఉందో ఈ మెషీన్ దూరం నుంచే కనుక్కుంటుంది. కాసేపు దాని వేగం తగ్గించి చూస్తాను, అంతే.”

“తగ్గిస్తే?”

“కాస్త తల తిరగొచ్చు. అదీ ఈ బటన్ నొక్కి ఉంచినంతసేపే. వేలు తీస్తే మళ్లీ మామూలే.”

ఆవిడ సణుక్కుంటూనే పడుకుంది. కొడుకు కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మెషీన్ కీచుమంది.

“ఆ, దొరికింది,” అంటూ టెక్నీషియన్ బటన్ నొక్కాడు. తెర మీద గీత నెమ్మదించింది. “తల తిరుగుతోందా అమ్మా?”

“లేదు బాబూ. నీకు పెళ్లయిందా?”

గీత ఇంకా నెమ్మదించింది. “కళ్లు మసకేస్తున్నాయా?”

“నా కళ్లకేం? అదిగో, ఆ మూల బొద్దింక కూడా కనిపిస్తోంది.”

టెక్నీషియన్ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. తెర మీద గుండె దాదాపు ఆగిపోయింది. ఇంత తక్కువ వేగంతో ఏ మనిషీ ఇలా కబుర్లు చెప్పలేడు. ఏం జరుగుతోందో తోచక తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. వేలు బటన్ మీదే ఉంది.

“ఒరేయ్, చెయ్యి వదిలేశావేంట్రా?” అందావిడ.

కుర్చీ దభాలున పడింది. కొడుకు నేల మీద ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ ఒక్క ఉదుటున మంచం దిగింది. గాలాడాలని అతని చొక్కా గుండీలు లాగేసింది. ఎడమ భుజానికి కాస్త కింద, సరిగ్గా తనకున్న చోటే, కుట్ల మచ్చ. ఇంకా ఎర్రగానే ఉంది.

ఆవిడ దాన్ని వేలితో తడిమింది, చర్మం కింద గట్టిగా బిళ్లలాంటిది తగిలింది. వెంటనే గది అదిరేలా అరిచింది.

“వేలు తియ్యి బాబూ! నువ్వు ఆపుతున్నది నా గుండె కాదు, వాడిది!”

టెక్నీషియన్ ఉలిక్కిపడి వేలు తీశాడు. తెర మీద గీత లేచింది. నేల మీద కొడుకు కళ్లు తెరిచాడు.