గుప్పెడు ఇప్పపువ్వు

చెట్టు కింద ఎవరో ఆడమనిషి వంగి ఇప్పపువ్వు ఏరుతోంది.

భాను బుట్టతో పరుగెత్తింది.

"ఏయ్, ఎవరు నువ్వు? ఇది మా చెట్టు."

ఆమె నడుం పట్టుకుని లేచింది. నలభై అయిదేళ్లుంటాయి. కొంగులో గుప్పెడు పువ్వుంది.

"పగిడయ్య బిడ్డవా?"

"అవ్. ఈ చెట్టు పువ్వంత నాదే. మా నాయ్న చెప్పిండు. అమ్మి బూట్లు కొనుక్కుంట."

"గుప్పెడే, బిడ్డా. మా పిల్లకు."

"మీ ఊర్ల చెట్లు లేవా?"

"ఉన్నయ్. ఈ చెట్టుదే కావాలె."

"మస్తు చెప్తున్నవ్. మీ పిల్లనే రమ్మను, ఏరుకుంటది."

ఆమె కొంగు విప్పి పువ్వును బుట్టలో పోసింది. భాను చెంప తాకబోయింది. భాను వెనక్కి జరిగింది.

ఆమె దగ్గుకుంటూ చర్ల రోడ్డు వైపు నడిచింది.

భానుకు పదకొండేళ్లు. అయిదో ఏటి నుంచి భద్రాచలంలో హాస్టల్లో ఉంటోంది. జ్వరమొచ్చి వారం కింద ఇంటికి వచ్చింది. పువ్వు రాలే రోజుల్లో ఊళ్లో ఉండటం, హాస్టల్లో చేరాక ఇదే మొదటిసారి.

జరిగింది ఇంట్లో చెప్పింది. దొంగను పట్టుకున్నట్టు చెప్పింది.

"వచ్చింది ఆదెమ్మ," అన్నాడు పగిడయ్య. "గుప్పెడు గూడ ఇయ్యలేదా?"

"నువ్వే గద నాయ్నా నాదన్నవ్?"

తల్లి శ్యామల పొయ్యి దగ్గర నుంచి అంది: "దాన్నేమనకు. ఆ ఈడు పిల్లలు నాది నాది అనే అంటరు. చెప్పనిది మనం."

పగిడయ్య తువ్వాలులో పువ్వు మూటగట్టి బండి తీశాడు. రోడ్డెక్కేసరికి ఆదెమ్మ ఎక్కిన బస్సు వెళ్లిపోయింది.

పన్నెండో రోజు కబురొచ్చింది. ఆదెమ్మ చనిపోయింది.

శ్యామల గోడకు ఆనుకుని ఏడ్చింది. భాను తండ్రి దగ్గరకు వెళ్లింది.

"ఆమె మనకేమైతది, నాయ్నా?"

"నువ్వు పుట్టినప్పుడు మన పక్కింట్ల ఉండె. తర్వాత పుట్టింటికి పోయింది. ఏటా పువ్వు రాలంగనే వస్తుండె."

"మా పిల్లకు అన్నది. ఆ పిల్ల ఏడున్నది?"

"ఆ చెట్టు కిందనే. పాలు తాగే పిల్లలు పోతే మనోళ్లు ఇప్పచెట్టు కింద పూడుస్తరు. చెట్టు పాలిస్తదని."

భాను తల ఎత్తలేదు.

"అప్పుడు మీ అమ్మ భద్రాచలం దవాఖానల ఉండె, తెలివి లేకుండ. నువ్వు ఆకలికి ఏడుస్తున్నవ్. ఆదెమ్మ బిడ్డను పూడ్చి వచ్చి, చేతులకంటిన మన్ను కడుక్కొని, నిన్ను ఒళ్లె వేసుకొని పాలిచ్చింది."