మందు లేని మందు

భావనపాడులో ‘మందు’ అనే మాట గట్టిగా అనకూడదు. అంటే గున్నమ్మ వస్తుంది.

పళ్ల డాక్టరమ్మ అనూరాధ బడి ముందు మైకులో అననే అంది, పిల్లలకు మందు ఉచితమని.

గున్నమ్మ రానే వచ్చింది. నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్టను నోట్లోంచి తీసింది.

“ఏటమ్మా, పిల్లలకి మందు పోస్తావేటి?”

పళ్లు పుచ్చకుండా పుక్కిలించి ఊసే మందని డాక్టరమ్మ చెప్పింది. గున్నమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. ఏళ్ల తరబడి మొగుడి నోరు వాసన చూసిన ముక్కు అది, మోసపోదు.

“ఇందులో సారా ఉన్నాది.”

ఉంది మరి, కాస్త.

ఇరవయ్యేళ్ల కిందట ఈ ఊరి ఆడవాళ్లు గంగమ్మ ముందు ప్రమాణం చేసి సారా కొట్టు కూలగొట్టారు. ముందు నడిచింది గున్నమ్మే. కొట్టువాణ్ణి పెళ్లాం బిడ్డలతో సహా ఊరు దాటించింది. ఆ గర్వం ఆమెకు ఇప్పటికీ ఉంది. మనవరాలు రాణి పన్నుపోటుతో ఏడుస్తున్నా సరే, ఆ చుక్క పిల్ల నాలుకకు తగలడానికి వీల్లేదంది.

డాక్టరమ్మకు కోపం రాలేదు. రాణి పన్ను బాగుచేసి, సీసాలన్నీ ఆటోలోకి ఎక్కించేసింది.

వారం తిరక్కుండా వేరే సీసాలతో వచ్చింది.

“ఇందులో సుక్క లేదు మామ్మా. వాసన సూసే తెచ్చాను. సిన్నప్పట్నించీ నాకా వాసన తెలుసు.”

తాగుబోతుకు పుట్టింది కాబోలు, పాపం అనుకుంది గున్నమ్మ. ముందు తనే పుక్కిలించి ఊసింది. ఆ తర్వాత, మింగితే వీపు పగులుతుందని చెప్పి పిల్లలను వరసలో నిలబెట్టింది.

పనిలో పనిగా ఆ చుట్ట కూడా మానమంది డాక్టరమ్మ.

“అది మాత్రం అడక్కు.”

ఆటో ఎక్కుతుంటే గున్నమ్మ ఆమె గెడ్డం పట్టుకుంది.

“బంగారంలాటి పిల్లవి. నిన్ను కన్నోల్లెవులమ్మా?”

“మా నాన్న టెక్కలిలో మందుల షాపులో పని సేస్తాడు. ఆ పనిలోకి ఎల్లేలా సేసింది నువ్వే మామ్మా.”

ఆటో వెళ్లిపోయింది. గున్నమ్మ ఎవరినీ ఏ పనిలోనూ పెట్టించి ఎరగదు.

పక్కింటి తాయారు నవ్వింది.

“గెడ్డం మీద మచ్చ సూసి నేనిప్పుడే పోల్చుకున్నాను. నువ్వు కొట్టు కూలగొట్టినప్పుడు నా సంకనెక్కి ఏడ్సిన పిల్లే అది, సారా కొట్టు జగన్నాధం కూతురు.”