అసలు మాత్ర

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి సరోజినీదేవి వంటింట్లో బెండకాయలు తరుగుతోంది.

"కొత్త మందు మీద చేసిన స్టడీ ముగిసిందండి. ఎవరికి ఏ మాత్ర ఇచ్చామో గురువారం చెబుతారు. మీ స్కాన్ రిపోర్టు కూడా వచ్చింది. చాలా బాగుందండి" అంది నర్సు.

"సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసి మిగతావి కూడా తరిగింది. పొయ్యి వెలిగించడం మాత్రం మర్చిపోయింది. తరిగిన ముక్కలు సాయంత్రందాకా పళ్లెంలోనే ఉన్నాయి.

గురువారం పొద్దున తిరువూరు బస్టాండులో ఏబెల్ ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. వినగడప నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. రెండు నెలల క్రితం దాకా అక్కడ అతని భార్య గ్లోరి నిలబడేది.

గ్లోరిదీ, సరోజినీదేవిదీ ఒకటే జబ్బు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇద్దరూ ఒకే వారంలో విజయవాడ ఆసుపత్రిలో చేరారు. సరోజినీదేవి రిటైరైన హిందీ టీచరు. అరవై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు. గ్లోరికి ముప్పై ఒకటి. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఒకటో తరగతి.

డాక్టర్ సౌజన్య మొదటిరోజే విడమరిచి చెప్పింది. సెలైన్‌లో ఎక్కించే కీమో అందరికీ ఉంటుంది. దానికి తోడు రోజూ ఒక మాత్ర. రెండు మందులూ కలిస్తే జబ్బు ఇంకా బాగా లొంగుతుందేమో చూడాలి. అందుకని సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్లేదీ కంప్యూటరే తేలుస్తుంది. డాక్టర్లకు కూడా తెలియదు. ఇష్టమైతేనే సంతకం పెట్టాలి.

ఇద్దరూ పెట్టారు.

మూడు వారాలకోసారి ఒకే బస్సులో వెళ్లేవారు. కీమో ఎక్కించుకుని, చెరొక మాత్రల సీసా తీసుకుని ఒకే బస్సులో తిరిగొచ్చేవారు. తిరుగు ప్రయాణంలో గ్లోరి సీట్లో కూర్చోగానే నిద్రపోయేది. ఆమె సంచీ కూడా సరోజినీదేవే ఒళ్లో పెట్టుకునేది.

మొదటి సీసా అయ్యేసరికి సరోజినీదేవి చెంపల మీద, ముక్కు చుట్టూ ఎర్రటి పొక్కులు లేచాయి. అసలు మాత్ర పడినవాళ్లకే అవి వస్తాయని వార్డులో అనుకునేవారు. గ్లోరి మొహం నున్నగా ఉంది.

"మీకు అసలుదే పడిందండి టీచర్ గారూ!" గ్లోరి నిజంగానే సంబరపడింది. "నాకేదైతే ఏంలెండి. ప్రభువు చూసుకుంటాడు."

ఎనిమిది నెలలు గడిచాక గ్లోరి పోయింది. సమాధి దగ్గర సరోజినీదేవి ఏడవలేదు. గ్లోరి చిన్నకూతురు వచ్చి ఆమె వేలు పట్టుకుంది. పట్టుకోనిచ్చింది, అంతే.

ఇప్పుడు బస్సు మైలవరం చేరాక ఏబెల్ ఆమె వైపు తిరిగాడు.

"ఒక్కటే తెలుసుకోవాలండి నాకు" అన్నాడు. "దానికి ఉత్త మాత్ర పడిందేమోనని. వద్దంటుంటే బతిమాలి సంతకం పెట్టించింది నేనే గదండి. మనలాంటోళ్లకి ఉత్తవే ఇచ్చుంటార్రా అని మా అన్న రోజూ అంటన్నాడు. ముద్ద దిగట్లేదండి."

"గ్లోరి మింగింది అసలు మాత్రే, ఏబెల్" అంది సరోజినీదేవి, కిటికీలోంచి మామిడితోటల వైపు చూస్తూ.

"మీకెట్టా తెలుసండి?"

"అనిపిస్తోంది."

ఆసుపత్రిలో డాక్టర్ సౌజన్య ఇద్దరినీ కూర్చోబెట్టింది. స్టడీలో మంచి ఫలితం వచ్చిందంది. రెండు మందులూ కలిపి తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు బాగా తగ్గింది. తర్వాత ఒక కాగితం ఏబెల్ ముందుకు జరిపింది.

"ఏబెల్ గారూ, మీ ఆవిడకి ఇచ్చింది అసలు మాత్రే. మా దగ్గరున్న మంచి మందే ఆమెకి ఇచ్చాం. కొంతమందికి అది కూడా పనిచెయ్యదు. సంతకం పెట్టించి మీరు తప్పేం చెయ్యలేదు."

ఏబెల్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి. డాక్టర్ నీళ్ల గ్లాసు అతని ముందు పెట్టి రెండో కాగితం తీసింది.

"మీ సంగతే మాకు ఆశ్చర్యంగా ఉందమ్మా. మీకు వచ్చింది ఉత్త మాత్ర. అయినా స్కాన్‌లో చిన్న మచ్చ కూడా లేదు. ఒక్క కీమోతోనే ఇంతలా తగ్గడం చాలా అరుదు."

సరోజినీదేవి ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. ఫ్యాన్ గాలికి దాని అంచు లేచి పడుతోంది.

"మరి... మొదట్లో వచ్చిన ఆ పొక్కులు?"

"కీమోకి కూడా వస్తాయమ్మా. వాటిని బట్టి ఏ మాత్రో చెప్పలేం."

"ఓహో" అంది.

బయట వరండాలో ఏబెల్ ఆమె ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నా మొహం తేటపడింది.

"మీరన్నట్టే అయిందండి టీచర్ గారూ. దానికి ఏ లోటూ జరగలా. పిల్లలకి చెప్పుకుంటానండి, మీ అమ్మకి మంచి మందే పడిందని." వంగి ఆమె రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "కన్నతల్లిలా చూశారు దాన్ని."

చేతులు వెనక్కి తీసుకోవాలని కూడా సరోజినీదేవికి తోచలేదు.

రెండోసారి నుంచి ప్రతిసారీ తిరుగు బస్సులో గ్లోరి నిద్రపోగానే, ఇద్దరు పిల్లల తల్లి బతకాలని, అసలువనుకున్న తన మాత్రలు ఆమె సీసాలో పోసి, ఆమెవి తన సీసాలో పోసుకున్నవి ఆ చేతులే.